చాటువినికిడి

చందమామ మీది వెన్నెలపేటలో ఎంత గొంతు చించుకుని పిలిచినా పలికేవాళ్ళుండరు. గాజు గోపురం దాటితే గాలి లేదు, గాలి లేనిచోట మాట సాగదు. అక్కడ ఎవరి మాటైనా మైకులో పడి, శ్రవణి అనే సాఫ్ట్‌వేర్ చేతుల మీదుగా అవతలివాళ్ళ చెవికి చేరాలి. ఈ శ్రవణికి శుభ్రం ఎక్కువ. మాటలు ఉంచి, దగ్గునీ నిట్టూర్పునీ ఊపిరినీ చెత్తలా ఊడ్చేసేది. బయటికెళ్ళినవాడు నోరు మెదపకపోతే బతికున్నాడో లేదో తెలిసేది కాదు.

క్యాంటీన్‌లో వండే వరహాలమ్మకు నిద్ర పట్టకపోవడానికి ఆ ఒక్క సంగతి చాలు. సౌండ్ ఇంజినీరు ఇందుమతి ఆవిడ కూతురే మరి.

ఆ ఇందుమతి మ్యూజియంలో పాత మిక్సింగ్ కన్సోల్ చూసింది, పాటల రికార్డింగ్‌లో గొంతులు కలిపే మంచమంత బల్ల. దాని మీటలన్నీ శ్రవణిలోకి దించేసింది. డిమ్ నొక్కితే గోలంతా తగ్గుతుంది. సోలో నొక్కితే అందరూ ఆగి ఒక్కరే వినిపిస్తారు. అన్నిటికన్నా గొప్పది చాటువినికిడి: ఒకరి ఫేడర్, అంటే గొంతు పెంచి తగ్గించే మీట, పూర్తిగా దించేసి ఉన్నా, నొక్కినవాళ్ళ చెవికి మాత్రం ఊపిరితో సహా వినిపిస్తుంది. అలా ఎవరి ఊపిరి వింటుంటే తెర మీద వాళ్ళ పేరు పక్కన ఎర్రదీపం వెలుగుతుంది.

ఇవాళే పరీక్ష. ఇందుమతి బండిలో గాలి లేని సొరంగం చివరికెళ్ళి మాట్లాడకుండా కూర్చోవాలి, ఇక్కడ తల్లి వినాలి. బండిలో ఒకటి, ఇక్కడ తల్లి దగ్గర ఒకటి అత్యవసర మీట ఉంది. ఏది లాగినా బండి వెనక్కొస్తుంది. ఉత్తపుణ్యానికి లాగితే మాత్రం పరీక్ష పోయినట్టే, కనిపెట్టిందంతా అటకెక్కినట్టే.

"నువ్వే ఎల్లాలేటే? ఇంకెవులూ లేరా?"

"నా మీటలమ్మా ఇవి! నువ్వు విను, సాలు. ఆ మీట మాత్రం ముట్టకు."

బండి వెళ్ళింది. వరహాలమ్మ మైకున్న హెడ్‌ఫోన్ చెవులకి తగిలించుకుని, కూతురి పేరు పక్కన చాటువినికిడి నొక్కింది. ఊపిరి! పక్కనే పడుకున్నంత దగ్గరగా!

"బాబూ, ఇనబడతంది! నా పిల్ల ఊపిరి ఇనబడతంది!"

పరీక్ష చూస్తున్న డాక్టర్ కొప్పల కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

ఇంకా బాగా విందామని వరహాలమ్మ తన ఊపిరి బిగబట్టింది. అంతే, అవతల ఊపిరి ఆగిపోయింది. గాలి గొట్టం ఊడిందా? పైకప్పు కూలిందా? చెయ్యి దానంతటదే మీట లాగేసింది.

"అమ్మా! ఊపిరాపేసినావేటే?" సొరంగంలోంచి కేక.

"నువ్వెందుకాపినావే?"

"నీది ఇనబళ్ళేదని! సరిగ్గా ఇందామని!"

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! నానూ అందుకేనే!"

డాక్టర్ తెర వైపు వేలు చూపాడు. వరహాలమ్మ పేరు పక్కన కూడా ఎర్రదీపం వెలుగుతోంది. బండి బయల్దేరినప్పటి నుంచీ ఇందుమతి వింటున్నది తల్లి ఊపిరినే.

"పరీక్ష పాసే!" కొప్పల చప్పట్లు చరిచాడు. "ఊపిరే కాదు, ఊపిరి ఆగడం కూడా వినబడింది! శ్రవణీ, మీట లాగిందెవరు?"

"రెండువైపులా, ఒకేసారి."

"ఇలా ఇద్దరూ ఉత్తపుణ్యానికి హడలిపోయే లోపం దిద్దగలవా?"

"లోపం నాలో లేదు సార్," అంది శ్రవణి. "అది ఉన్నచోట నాకు ఫేడర్లు లేవు."