చెరుకు కింద మిగిలిన కథ

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: నా కూతురు ఆశా తన క్లాసులో నన్ను చూసి తలదించుకోవడం. తొమ్మిదో తరగతితో చదువు ఆగిన తల్లికి ఇంతకన్నా పెద్ద దయ్యం ఉండదు.

ఆ దయ్యాన్ని బడివాళ్లే మా ఇంటికి పంపారు. శనివారం తల్లులు వచ్చి, పురాణగాథల్లో పుట్టిన ఇంగ్లీషు పదం ఒకటి కథతో సహా చెప్పాలట. మా వంతుకు వచ్చింది అట్లాస్. పటాల పుస్తకానికి ఆకాశం మోసేవాడి పేరట! గ్రీసు దేశంలో కూలీలు దొరకలేదు కాబోలు.

మా ఆయన శాంతి కుమార్ చెరుకు ట్రాక్టరు నడుపుతాడు. పెళ్లయి పన్నెండేళ్లు, ఒక్క ముద్దు మాట అన్న పాపాన పోలేదు. అలాంటి మనిషి ఆశా పుస్తకం ముందేసుకుని, ఖాళీ ట్రాలీ లోపలి రేకు మీద సుద్దముక్కతో కథంతా తెలుగులో రాశాడు.

"కాగితం దొరకలేదా?" అన్నాను.

"కాగితమైతే పోపుడబ్బల దాస్తవ్. వాకిలి ఊడ్సుకుంట సదువు. గీ ట్రాలీ శుక్రవారం దాక కదలది."

"అబ్బో, పంతులొచ్చిండు! టెన్త్ ఎన్నిసార్లు తప్పినవ్?"

"రెండుసార్లే," అని నవ్వాడు.

కదలదన్న ట్రాలీ బుధవారమే కదిలింది. ఫ్యాక్టరీ నుంచి కోత పర్మిట్ ముందే వచ్చింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా చెరుకు పక్క జిల్లాకు పోతుంది, అక్కడ గేటు ముందు మూడు నాలుగు రోజుల క్యూ. కోటగిరిలో లోడు ఎత్తుకుని ఆయన వెళ్లిపోయాడు. నేను చదివింది సగమే. యుద్ధంలో ఓడిన అట్లాస్ ఆకాశాన్ని భుజాలకెత్తుకున్నాడు. తర్వాత?

ఫోన్ చేశాను.

"తర్వాత ఏమైందయ్యా?"

"నాకేం యాదికున్నది? రాసింది చెరుకు కింద ఉన్నది."

"నీ తెలివికి దండం!"

"పుస్తకంల సూడరాదు?"

పుస్తకం ఇంగ్లీషులో ఉందని ఆ మహానుభావుడికి తట్టలేదు. ఆశాను అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

శనివారం క్లాసులో నిలబడ్డాను. సగం కథ చెప్పి, మిగతా సగం నేనే కల్పించాను. "అట్లాస్ అలిసిపోయిండు. పెండ్లాం సద్ది తెచ్చింది. 'జర దింపు, నేను పట్కుంట' అని భుజమిచ్చింది. ఆయన కడుపునిండ తిన్నడు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. భానుప్రసాద్ సారు మాత్రం కళ్లద్దాలు సర్దుకున్నాడు. "బుక్కులో అలా లేదమ్మా."

"బుక్కుల పెండ్లాం లేదు కావచ్చు సారూ. గందుకే ఇంకా మోస్తుండు."

అందరికన్నా గట్టిగా నవ్వింది ఆశా. పక్క పిల్లను మోచేత్తో పొడిచి, "మా అమ్మ!" అంది.

బయటికి రాగానే ఆయనకు ఫోన్లో అంతా చెప్పాను. అవతల ట్రాక్టర్ల మోతలోంచి ఆయన గొంతు వచ్చింది.

"సువర్ణా..."

పన్నెండేళ్లలో నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

"గా అట్లాస్ గాడు నసీబున్నోడు."

"నీకు లేదా నసీబు?"

"వానికి కతల దొరికింది. నాకు ఇంట్లనే ఉన్నది."

ఈ ఒక్క ముక్క అనడానికి పన్నెండేళ్లు, నలభై ట్రాక్టర్ల క్యూ కావలసి వచ్చాయి మా దొరగారికి! నా చెంపలు కాలిపోతుంటే మాట మార్చాను.

"తిన్నవా?"

"ఆఁ... తిన్న."

ఆ సాగదీతకు అర్థం నాకు తెలుసు. తినలేదు. మీలో ఎవరైనా ఆ ఫ్యాక్టరీ గేటు వైపు వెళ్తే, దేవుడే చూసుకుంటాడని ముందు 'యెహోవా యీరే' రాసుకున్న ఎర్ర ట్రాక్టరు దగ్గర ఆగి, ఆయన ఏమైనా తిన్నాడో లేదో ఒక్కసారి చూడండి. నేను పంపానని మాత్రం చెప్పకండి. నెత్తికెక్కి కూర్చుంటాడు.