టైపు మాస్టారి కంప్యూటర్లో దుమ్ము

మా మరిదికి వీధిలో పెట్టిన పేరు సలహాలరావు. అసలు పేరు మా అత్తగారికి కూడా గుర్తు చెయ్యాలి. నీళ్ల పంపులు చేసే కంపెనీలో స్టోర్ కీపరు. చేసేది ఆ ఉద్యోగం, ప్రాణం మాత్రం కంప్యూటర్ల మీద.

ఎవరైనా కంప్యూటరు కొంటున్నారని చెవిన పడితే చాలు, చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచిపోయి వాళ్ల గుమ్మంలో వాలతాడు. కొట్లో బిగించి పెట్టింది కొనొద్దంటాడు, విడిభాగాలు తెచ్చుకుని బిగించుకోమంటాడు. హార్డ్ డిస్కు ముసలి ఎద్దు, ఎస్ఎస్‌డీ పందెం గుర్రం అంటాడు. ఒకే కంప్యూటర్లో రెండు యాంటీవైరస్‌లు వెయ్యడం ఒకే పొయ్యి దగ్గర ఇద్దరు కోడళ్లని నిలబెట్టడం లాంటిదంటాడు. ఆ మాట అనేటప్పుడు నా వంక చూడడు, అంతమటుకు తెలివుంది.

వినేవాళ్లు కూడా అలాంటివాళ్లే. కిరాణా కొట్టాయన రంగు రంగుల దీపాలు వెలిగే డబ్బా కొన్నాడు. దీపాల వల్ల వేగం పెరగదండీ అని మా మరిది చెబితే, వేగం ఎవడిక్కావాలి, పిల్లలు చూడ్డానికొచ్చి బిస్కెట్లు కొంటున్నారు అన్నాడు. ట్యూషన్ టీచరు సీపీయూకి పూలగుడ్డతో గౌను కుట్టించింది. దానికి ఊపిరాడదండీ అని ఇతను మొత్తుకుంటే, మరి జలుబు చేస్తే ఎవరు చూస్తారు అంది. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలు ఎలా పాసవుతున్నారో నాకు అర్థం కాదు.

ఆఁ, ఎక్కడున్నాం? మా మరిది సలహాల దగ్గర.

అన్నిట్లోకీ గట్టి సలహా దుమ్ము గురించి. కంప్యూటర్ని చంపేది వైరస్ కాదు, దుమ్ము అంటాడు. మూత తీసి బ్లోయరుతో ఊదే ముందు కిటికీ తెరవాలట. మన వీపు వెనక ఫ్యాను పెట్టుకుంటే దుమ్ము బయటికి పోతుందట. లోపలి ఫ్యాను రెక్కల్ని వేలితో కదలకుండా పట్టుకోవాలట. ఏం మరిచిపోయినా సరే, ముక్కుకీ నోటికీ గుడ్డ మాత్రం కట్టుకోవాలట.

"ఎందుకో తెలుసా వదినా? మూసిన గదిలో ఒక్క మనిషే ఏళ్ల తరబడి కూర్చున్నాడనుకో. చర్మం, వెంట్రుకలు, అన్నీ రాలి అందులోకే పోతాయి. ఆ దుమ్ము సగం దుమ్ము, సగం ఆ మనిషే."

ఈ మాట సరిగ్గా నేను అన్నంలో మజ్జిగ పోసుకుంటున్నప్పుడు చెప్పాడు. ఎప్పుడు ఏం చెప్పాలో తెలియకపోవడం వాళ్ల వంశంలోనే ఉంది. మా ఆయన పెళ్లిచూపుల్లో మొలల మందు గురించి మాట్లాడాడు.

మా ఇంటికి రెండిళ్ల అవతల టైపు మాస్టారి ఇల్లు. అర్జీలు టైపు చేసిపెట్టేవాడు, పిల్లలకి టైపు నేర్పేవాడు. ఆయన భార్యని నేను పిన్ని అంటాను. పిన్నికి చూపు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, చివరికి వెలుగుకీ చీకటికీ తేడా తెలిసేంత మిగిలింది. అప్పట్నుంచీ మాస్టారు రోజూ సాయంత్రం ఆవిడకి నవలలు చదివి వినిపించేవాడు. మర్నాడు తను పనిలో ఉన్నప్పుడు మళ్లీ వినాలనిపిస్తుందని, ఆ చదవడమంతా కంప్యూటర్లో రికార్డు చేసి పెట్టేవాడు. వీధి గోల అందులో పడకుండా వెనక గది తలుపూ కిటికీ ఎప్పుడూ మూసే ఉండేవి. పిన్నికి చేత్తో తడిమితే తెలియాలని ఒక మీట మీద చొక్కా గుండీ అంటించాడు. అది నొక్కితే ఆయన గొంతు వస్తుంది.

మా ఆయన నాకోసం ఇంతవరకూ ఒక గుండీ కూడా కుట్టింది లేదు. సరే.

ఆఖరిగా చదివింది ఒక డిటెక్టివ్ నవల. అద్దె పుస్తకాల కొట్టునుంచి తెచ్చినది, అట్టలు లేవు. ఆ నవల మధ్యలో, చదువుతూ చదువుతూనే, మాస్టారి తల కీబోర్డు మీదికి వాలిపోయింది. రికార్డింగు అక్కడితో ఆగింది. "తలుపు తీసి చూసేసరికి..." అంతే. పుస్తకాన్ని కొట్టువాడు పట్టుకుపోయి ఎవరికిచ్చాడో వాడికే తెలీదు.

తర్వాత కూడా పిన్ని సాయంత్రమయ్యేసరికి ఆ గదిలో ముక్కాలి పీట మీద కూర్చుని గుండీ నొక్కేది. మాస్టారి కుర్చీలో కూర్చునేది కాదు. గోడ పక్కనుంచి పోతుంటే ఆయన గొంతు వినపడేది. కొత్తలో మా వీధి బలశాలి, అదే జిమ్ము నడిపే అబ్బాయి, ఆ దారినే పోవడం మానేశాడు.

వానలు మొదలైనప్పుడు పిన్ని గోడ పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చింది. కంప్యూటరు కాసేపు నడిచి, హోరుమని అరిచి, ఆరిపోతోందట. నాలుగు వాక్యాలు కూడా విననివ్వడం లేదట.

"ఆ గొంతు కూడా పోతే నాకీ ఇంట్లో ఏం మిగల్దమ్మాయ్," అంది. ఏడవలేదు. ఏడిస్తే నేను కాస్త తేలిగ్గా ఊపిరి తీసుకునేదాన్ని.

మా మరిది చూడకుండానే చెప్పేశాడు. లోపల దుమ్ము పట్టి వేడెక్కుతోంది, ముందు డిస్కు ఊడదీసి మా ఇంట్లో కాపీ చేసుకుందాం అన్నాడు. డిస్కు గది దాటడానికి వీల్లేదంది పిన్ని. అయితే అక్కడే మూత తీసి శుభ్రం చేద్దాం అన్నాడు. దానికీ ఒప్పుకోలేదు.

"ఆయన మూత తియ్యనిచ్చేవారు కాదు. దుమ్ము దులుపుతానంటే, ఉండనీ, అది నాదే అనేవారు."

దుమ్ము ఎవరిదైతే ఏమిటి పిన్నీ, గొంతు కావాలా దుమ్ము కావాలా అని ఒప్పించింది నేనే.

ఆ సాయంత్రం వాన పడుతూనే ఉంది. పొద్దు ఉండగానే మబ్బుకి చీకటి పడ్డట్టయింది. వెనక గది తలుపు తియ్యగానే వాసన కొట్టింది. నానిన కాగితం, తలనూనె, దగ్గు మందు. మనిషి పోయినా ఆ వాసన పోలేదు. కుర్చీలో దిండు నొక్కుకుపోయి ఉంది, ఇప్పుడే లేచి వెళ్లినట్టు.

మా మరిది కిటికీ తెరిచాడు. మా వీపుల వెనక ఫ్యాను పెట్టాడు. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, నాకో గుడ్డ ఇచ్చాడు.

"కట్టుకో వదినా."

పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఇల్లూడుస్తున్నాను, నాకు దుమ్ము సంగతి నేర్పుతున్నావా అని ఆ గుడ్డతోనే టార్చి తుడుచుకుని పట్టుకున్నాను.

మూత వచ్చింది. లోపల వైర్లు కనపడలేదు. బూడిద రంగు దూది మందంగా పరుచుకుని ఉంది, గొంగడి కప్పుకుని ఎవరో ముడుచుకుని పడుకున్నట్టు. అందులో తెల్ల వెంట్రుకలు. మా మరిది వేలితో ఫ్యాను రెక్క ఆపి పట్టుకుని, బ్లోయరు నొక్కాడు.

దుమ్ము లేచింది.

కిటికీ వైపు పోవాలి. మా వెనకనుంచి ఫ్యాను తోస్తోంది. కాగితాలు కిటికీ వైపే ఎగురుతున్నాయి. దుమ్ము మాత్రం బల్ల మీద నిలబడింది. మనిషి కూర్చుంటే తల ఎంత ఎత్తులో ఉంటుందో, అంత ఎత్తున. టార్చి వెలుగులో మెల్లగా తిరుగుతూ...

తర్వాత వెనక్కి వచ్చింది. గాలికి ఎదురు.

నా కళ్లలోకి, ముక్కులోకి, నోట్లోకి. నాలుక మీద తలనూనె రుచి. దగ్గు ఆగలేదు. మా మరిది బ్లోయరు ఆపేశాడు.

గుమ్మంలోంచి పిన్ని మెల్లగా అడిగింది.

"కుర్చీలోంచి ఎవరు లేచారు?"

ఇద్దరం నేల మీదే కూర్చుని ఉన్నాం.

మా మరిది మాట్లాడకుండా పని చేశాడు. అతను మాట్లాడకుండా పని చెయ్యడం నేను అదే మొదటిసారి చూడటం. ర్యామ్ ముక్కల్ని రబ్బరుతో రుద్దాడు, వేడి లాగడానికి చిప్పు మీద పూసే పేస్టు ఎండిపోతే గీకి బఠాణీ గింజంత కొత్తది పెట్టాడు, మూత బిగించాడు. కంప్యూటరు వెలిగింది. హోరు లేదు. లోపలి ఫ్యాను బొంగరం నిద్రపోయినట్టు చల్లగా, చప్పుడు లేకుండా తిరుగుతోంది. పిన్ని పీట మీద కూర్చుని, తడిమి, గుండీ నొక్కింది.

ముందు గొంతు సవరించుకున్న చప్పుడు. రెండుసార్లు. తర్వాత మాస్టారి గొంతు.

"ఆఁ, ఎక్కడున్నాం?"

రోజూ అలాగే మొదలుపెట్టేవాడట. పిన్ని మొహంలో నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి నాకూ ధైర్యమొచ్చింది. మా మరిది పెన్ డ్రైవ్ పెట్టి కాపీ మొదలుపెట్టాడు. నవల నడుస్తోంది. ఖాళీ ఇల్లు, మెట్లు, చేతిలో లాంతరు, పై గది తలుపు...

కరెంటు పోయింది.

యూపీఎస్ కుయ్యి కుయ్యిమంది. దాని బ్యాటరీ మార్చమని మా మరిది మాస్టారికి ఎన్నిసార్లు చెప్పాడో. కాసేపు అరిచి అదీ చచ్చింది. తెర ఆరింది. లోపల ఫ్యాను మెల్లగా... మెల్లగా ఆగిపోయింది. వాన చప్పుడొక్కటే.

ఆ చీకట్లో గొంతు వినిపించింది.

"తలుపు తీసి చూసేసరికి..."

కంప్యూటరు ఆరిపోయి ఉంది. నాకు తెలుసు. దాని మీదే నా చెయ్యి ఉంది.

"...లోపల దీపం వెలుగుతోంది. కుర్చీ ఇటు తిరిగి ఉంది. కుర్చీలో..."

పిన్ని పీట ముందుకి జరుపుకుంది. రికార్డింగులో ఇది లేదు. మాస్టారు ఇంతదాకా చదవలేదు. గొంతు చాలా దగ్గర్నుంచి వస్తోంది. ఎంత దగ్గర్నుంచంటే, మాటకి ముందు పెదవులు విడిపోయిన చప్పుడు కూడా తెలుస్తోంది.

మా మరిది ఫోన్లో లైటు వేశాడు. అది కుర్చీ మీద పడింది. ఖాళీ. గోడ మీద పడింది. తర్వాత నా మొహం మీద పడి, అక్కడే ఆగిపోయింది.

"వదినా..." గుసగుసగా అన్నాడు. "నోరు ముయ్యి."

మూసుకునే ఉన్నాననుకున్నాను.

ఆ తర్వాత ఇంటికి ఎలా వచ్చామో చెప్పడానికేమీ లేదు. తడుస్తూ వచ్చాం. మర్నాడు మా మరిది ఆ పెన్ డ్రైవ్‌ను తన కంప్యూటర్లో పెట్టి చూశాడు. కరెంటు పోయేలోపే ఫైళ్లన్నీ అందులోకి ఎక్కాయట. ఒక్కటీ చెడిపోలేదట. తెర మీద గీత కదులుతోంది, సమయం నడుస్తోంది, గొంతు మాత్రం లేదు. వెళ్లి అక్కడి కంప్యూటర్లో కూడా చూశాడు. అందులోనూ లేదు.

ఇప్పుడతను ఎవరికీ సలహా ఇవ్వడు. టీచరమ్మ సీపీయూకి చేతుల గౌను కుట్టించినా పట్టించుకోలేదు. ఇంట్లో కూడా ముక్కుకి గుడ్డ కట్టుకునే తిరుగుతున్నాడు. నేను వడ్డిస్తుంటే కంచం పక్కకి జరుపుకుంటాడు. జలుబా అని అడిగితే తలూపాడు. ఇన్నాళ్లు ఉండే జలుబు ఎక్కడైనా ఉంటుందా?

పిన్నిని ఓదార్చాలి కదా. ఒప్పించింది నేను. గొంతు పోగొట్టింది మేము. ఫైళ్లలో గొంతు లేదని తెలిసిన సాయంత్రమే వెళ్లాను. వెనక గది గుమ్మం దగ్గర నిలబడ్డాను, ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. దుమ్ము ఇంకా గొంతులోనే ఉందేమో, గరగర. రెండుసార్లు సవరించుకున్నాను.

పీట మీద పిన్ని లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. నన్ను ఎప్పుడూ అమ్మాయ్ అని పిలిచే మనిషి...

"వచ్చారా? ఇవాళ ఆలస్యం చేశారేమండీ," అని కుర్చీ ఇటు తిప్పింది.

కాదు పిన్నీ, నేను అని చెబుదామనే కూర్చున్నాను.

అప్పట్నుంచీ సాయంత్రమయ్యేసరికి ఎక్కడికి పోతున్నావని మా ఆయన రోజూ అడుగుతున్నాడు. పొరుగింటికి అగ్గిపెట్టెకని చెబుతున్నాను. ఇంట్లో అగ్గిపెట్టెలు అరడజను ఉన్నాయి, ఆయనకి కనపడవు, ఆయనకి ఏం కనపడ్డాయి గనక. నిద్రలో గొంతు మార్చి మాట్లాడుతున్నావంటాడు. ఆయన గురక ముందు అదొక లెక్కా?

ఒక్క సంగతి మాత్రం నాకు తెగడం లేదు. నేను బడికి పోయి చదివింది అంతంతమాత్రం, నవల అన్నది జన్మలో ముట్టుకోలేదు. ఆ అట్టల్లేని పుస్తకాన్ని కళ్లతో చూడనే లేదు. అయినా ఆ గదిలో కూర్చుంటే కథ నా నోటికొచ్చేస్తుంది, పిన్ని నా ఎదురుగా కూర్చుని, తలొంచుకుని వింటూ ఉంటుంది. కుర్చీలో ఎవరున్నారో ఇవాళైనా చెప్పండి అంటుంది.

నాకు తెలుసు. మొన్నటికంటే నిన్న ఇంకా బాగా తెలుసు. చెప్పకూడదని పళ్లు బిగపట్టి కూర్చుంటున్నాను.

పొద్దు వాలుతోంది, లేవాలి. ఇదంతా ఎందుకు మొదలుపెట్టాను? మా మరిది సలహాల గురించి కదా చెబుతున్నది.

ఆఁ, ఎక్కడున్నాం?