కదిరప్ప ఏరుకున్న బట్ట

దగ్గరికి జరగండి తల్లీ. వెనక నిలబడ్డ అయ్యలు కూడా ముందుకొచ్చి కూర్చోండి, ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. నిద్రకు తూగుతున్న పిల్లల్ని ఒళ్లోకి తీసుకోండి. స్తంభంలోంచి వచ్చిన నా స్వామి నరసింహుడు కాసేపు నా నాలుక మీద కూర్చుంటే చాలు. గెలుపు కోసం వచ్చినవారికి మాత్రం ముందే మనవి చేసుకుంటున్నాను. ఇందులో గెలుపు లేదు.

కనుచూపు మేర గడ్డి. వేసవి ఎండకు పండి, సింహపు జూలు రంగు తేలి, పడమటి గాలి వీచినప్పుడల్లా భూమాత ఊపిరి తీసినట్టు కదలాడే గడ్డి. చెట్టన్నది లేని ఆ మహా బయలు నడుమ, నడిసంద్రంలో లంగరు దించిన ఓడవలె ఒంటిగా నిలిచిన గుట్ట. ఆ గుట్ట శిరస్సున నల్లరాతి బురుజులతో, నరసింహస్వామి గోపురంతో వెలుగొందిన ఇర్రికొండ దుర్గం. ఇర్రి అంటే మగ కృష్ణజింక. మెలితిరిగిన కొమ్ములు, కాటుక పూసినట్టుండే వీపు. ఆ బయలు వాటి రాజ్యం. కొండమీది రాజులు వాటికి ఇరుగుపొరుగు, అంతే.

ఆ రాజవంశానికి ఒక ఆచారముండేది. పట్టం కట్టుకున్న రాజు తొలకరికి ముందు కాలినడకన బయలులోకి వెళ్లి, గుర్రం లేక, వల లేక, డప్పుల మోత లేక, ఒక ముదుసలి ఇర్రిని బాణంతో కొట్టి, దాని చర్మాన్ని స్వామి సన్నిధిలో ఆసనంగా సమర్పించాలి. నక్కడానికి ఒక్క పొద లేని చోట, అంత చురుకైన కళ్లున్న మృగానికి బాణమందే దూరం చేరడం మాటలా? అక్కడ వేటంతా ఒంటిమీది బట్టలోనే ఉంది.

ఆ విద్యలో ఆరితేరినవాడు సేనాపతి బోయ కదిరప్ప నాయకుడు. తండ్రి పోయిన యువరాజు ఓబళదేవుణ్ణి భుజాన మోసి పెంచినవాడు. ఆ ఓబళదేవుడు రాజై తొలి వేటకు తెల్లపట్టు కట్టి, ముత్యాల పోగులు పెట్టి, మల్లెదండ వేసుకుని దిగివస్తే కదిరప్ప నడుం మీద చెయ్యి వేసుకుని చూశాడు.

"ఏలినవారు వేటకా, పెళ్లిచూపులకా?"

"రాజు రాజులా కనబడవద్దా నాయకా?"

"కనబడాలి ప్రభూ, జనానికి. జింకకు మాత్రం మీరు గడ్డిలో గడ్డి. తెలుపు వద్దు, ఎండలో అది పేరుపెట్టి పిలుస్తుంది. పట్టు వద్దు, మెరుస్తుంది. ఆ పోగులు అమ్మగారి దగ్గర దాచిరండి. మల్లెలు కూడా. ఆ వాసన జింక కంటే ముందు మా ఇంటావిడ పసిగట్టి, ఎక్కడ తిరిగొచ్చావని నన్ను అడుగుతుంది."

రాజు నవ్వాడు. కదిరప్ప నూలుబట్టలు కొన్ని తంగేడు చెక్కతో ఉడికించి, ఒకదాన్ని లేతగా, ఒకదాన్ని ముదురుగా దించి, ఆరాక బయలు మట్టి రుద్ది గడ్డిలో పరిచాడు. రాజును దూరంగా నడిపించి వెనక్కి తిప్పాడు.

"ఏవి కనబడుతున్నాయి ప్రభూ?"

"ఎడమవైపుది. ఆ నడిమిది."

"కుడివైపుది?"

"అక్కడ గడ్డి తప్ప ఏముంది?"

"అదే మీది. కంటికి దొరకని బట్టే వేటగాడి బట్ట."

ఆ ఏడు స్వామికి ఆసనం అమరింది. ఆపై వేసవికి దుర్గమే వేటమృగమైంది.

మణిగిరి ఏలిక మహాసేనతో వచ్చి గుట్టచుట్టూ డేరాలు వేశాడు. కొండమీది రాతిదొనల్లో నీరు అడుగంటి, పచ్చని బురద తేలింది. పడమటి కొండల్లో రాజుగారి మేనమామ సేన ఉంది. కాని ఒకసారి దొంగదూతను నమ్మి కొడుకును పోగొట్టుకున్న మనిషి ఆయన. మేనల్లుడి ముఖం చూడనిదే కదలడు. అందుకని స్వామి మండపంలో ముగ్గురే కూర్చున్నారు: రాజు, కదిరప్ప, మంత్రి మాచనామాత్యుడు.

"రాత్రిపూట వాళ్లు దివిటీలతో, కుక్కలతో కాపలా కాస్తారు" అన్నాడు కదిరప్ప. "మిట్టమధ్యాహ్నం మాత్రం ఎండమావుల్లో ఎవడికీ చూపు ఆనదు. ప్రభువు వేటబట్ట కట్టుకుని, ఇర్రిని సమీపించినట్టే పొట్టమీద పాకుతూ పడమటి గడ్డిలోంచి దాటిపోవాలి."

మాచనామాత్యుడు శాలువా సర్దుకున్నాడు. "సింహాసనమెక్కిన ఏడుతరాల వంశాంకురము నేలమీద పురుగువలె పాకవలెనా? మహారాజా, ప్రాణము కంటె మర్యాద పెద్దది. అయినను బోయదొర మాటే ఏలినవారికి వేదమైనప్పుడు, ఈ వృద్ధుడు అడ్డుపడడు."

ఆ వృద్ధుడికి మణిగిరి ఏలిక అప్పటికే అగ్రహారాలు మాటిచ్చి ఉన్నాడు తల్లీ. మర్యాద గురించి అంత చక్కగా మాట్లాడిన నోరే, ఆ సాయంత్రం బురుజు మీదినుంచి బాణంతో కబురు పంపించింది.

తెల్లవారేసరికి పడమటి బయలు తగలబడుతోంది. ఒక్క పడమరే. గడ్డి చిటపటలాడుతుంటే లేళ్లు పిల్లలను వెంటేసుకుని పరుగెత్తాయి. పొద్దు కాస్త పైకెక్కేసరికి గోడ మొదలుకుని, డేరాలు వేసిన మేర తప్ప, శత్రుశిబిరం దాటి నేలంతా నల్లగా మిగిలింది. గడ్డిరంగు బట్టతో అందులో పాకడమంటే అద్దిన సున్నపు బొట్టులా కనబడటమే.

"నీ తంగేడు విద్య ఇప్పుడేమి చెప్పుచున్నది బోయదొరా?" అని మాచన మెత్తగా అడిగాడు.

కదిరప్ప తల గోక్కున్నాడు. "మాకు తెలిసింది ఆ ఒక్క బట్టే మంత్రిగారూ. ఇంకోటి అద్దే తీరిక లేదు. దొనలో ఈపూటకే నీళ్లు. ప్రభువు ఆ బట్టలోనే వెళతారు, పైన దేవుడున్నాడు."

మంత్రి వెళ్లిపోయాక అతడి కంఠం మారింది.

"ప్రభూ, దారి తెలిసింది ముగ్గురికే. నిప్పు మీరు పెట్టలేదు, నేను పెట్టలేదు."

రాజు కత్తిమీద చెయ్యి వేశాడు.

"ఆగండి. ఇప్పుడతణ్ణి పట్టుకుంటే శత్రువు తెలుసుకుంటాడు. ఇవాళ మనకు మిగిలిన బలగం ఆ మంత్రి నాలుకే. అతడు ఏ బట్ట చెబితే వాళ్లు ఆ బట్ట కోసమే చూస్తారు."

"అతణ్ణి కోటలో వదిలి నేను వెళితే, తలుపు తీస్తాడు నాయకా."

"తీయవచ్చు. కోట దక్కుతుందని నేను చెప్పను. మీరు దక్కుతారేమో చూస్తాను."

అర్చకుడు గర్భగుడి దీపాల మసి గీరి తెచ్చాడు. తరతరాల నూనెమసి. స్వామి ముందు వెలిగిన దీపాలన్నీ ఆ రాగిపళ్లెంలో నల్లగా చేరాయి. రాజు బట్టకూ, ముఖానికీ, చేతులకూ కదిరప్పే పూశాడు, పసితనంలో నలుగు పెట్టినట్టు. బట్టకు పూశాక, ఒంటికి పూయకముందు మాత్రం ఒక పని చేశాడు. కోటగోడలోని చిన్న దిడ్డివాకిలి బయట, శత్రువుకు కనబడని గోడ మలుపులో, బూడిదనేల మీద రెండు బట్టలు పరిచి రాజును బురుజెక్కించాడు. రాజు దిగి వచ్చాక అడిగాడు.

"ఏది కనబడింది ప్రభూ?"

"తంగేడు బట్ట."

"నల్లది?"

"కనబడలేదు."

"కనబడనిది మీది. కనబడేది నాది." అంటూ తంగేడు బట్ట దులిపి నడుముకు చుట్టుకున్నాడు.

రాజుకు అప్పుడర్థమైంది. "నాయకా, అది వేటగాడి బట్ట కాదు."

"ఇవాళ నేను వేటగాణ్ణి కాదు లెండి. నోరు మూసుకుని పాకండి, మసి లోపలికి పోతుంది. వెనక్కి చూడకండి. చూస్తే కళ్లలో తెలుపు కనబడుతుంది."

ఆ మధ్యాహ్నం బురుజు మీదినుంచి ఇంకో బాణం ఎగిరింది. దానికి కబురు రాసిన తాటాకు కమ్మ లేదు. తంగేడు బట్ట పేలిక కట్టి ఉంది. శిబిరంలో ప్రతి విలుకాడికీ ఆ పేలిక చూపించారు.

కదిరప్ప నల్లనేల మీదే వాయవ్యానికి మళ్లి పాకాడు. రాజు నైరుతికి. విలుకాళ్లందరూ ఒక్కచోట మూగారు. మొదటి బాణం భుజాన దిగినా అతడు తిరగలేదు. రెండోది నడుములో దిగినా ఆగలేదు. తల పైకెత్తితే నెరసిన మీసం బయటపడుతుందని నేలకు ముఖం ఆనించి, రాజునుంచి దూరంగా, ఇంకా దూరంగా పాకాడు. ఎంతసేపు పాకితే అంతసేపు అవతల ఓబళదేవుడికి బతుకు. చివరకు కదలిక ఆగాక శత్రుదళవాయి కాలితో వెల్లకిలా తిప్పి, ఆ ముసలి ముఖం చూసి, పడమటికేసి చూశాడు. అక్కడ నల్లనేల తప్ప ఏమీ లేదు.

రాజు మేనమామను చేరాడు. సేన కదిలింది. కాని ఆ సాయంత్రమే మాచనామాత్యుడు తలుపు తీశాడు తల్లీ. సేన వచ్చేసరికి గోపురం కూలి ఉంది, దొనల్లో శవాలున్నాయి. మాచన తన అగ్రహారాల్లో పండు ముసలై, మనవల చేతుల మీదుగా పోయాడు. స్వామి ఎందుకూరుకున్నాడని నన్నడగకండి, నేనూ రోజూ అదే అడుగుతున్నాను. ఓబళదేవుడు మేనమామ చూరుకింద రాజ్యం లేని రాజుగా బతికి, మళ్లీ విల్లు పట్టలేదు. తెల్లబట్ట కూడా కట్టలేదంటారు. ఆ బయలులో ఇప్పుడు ఇర్రులూ లేవు.

కోట పేరు మరిచిపోండి, నా పేరూ మరిచిపోండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకుని ఇంటికెళ్లి పిల్లలకు చెప్పండి. బూడిదలో రెండు బట్టలు పరిచి, కనబడనిది బిడ్డకిచ్చి, కనబడేది తాను కట్టుకున్నాడొక మనిషి. ఆ మాట ఒక ఇంట్లో చెప్పుకున్నంతసేపు, కదిరప్ప ఇంకా ఆ నల్లనేల మీద పాకుతూనే ఉంటాడు, వాళ్లు ఇంకా అతణ్ణి వెల్లకిలా తిప్పలేదు.