నూటపన్నెండో అర

మార్చురీలో శవం మాయమైంది.

ఒకటో వరుస, పన్నెండో అర. ఉదయం తెరిస్తే ఖాళీ. అందులోని శవాన్ని నిన్న సాయంత్రమే అప్పగించేసినట్టు కంప్యూటర్ చూపిస్తోంది. చనిపోయినతని భార్య బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఎవరినీ ఏమీ అడగడం లేదు. ఆమెను చూసినా ఇన్‌స్పెక్టర్‌కు ఏమీ అనిపించలేదు. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన మనసు ఎప్పుడో మొద్దుబారిపోయింది.

అటెండరే శవాన్ని అమ్ముకున్నాడని ఆసుపత్రి సూపరింటెండెంట్ అప్పుడే తేల్చేశాడు.

"నిన్న ఎవరికిచ్చావ్?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"లారీ ప్రమాదంలో పోయినాయన వాళ్లకి సార్. కంప్యూటర్ ఏ అర తెరిస్తే అందులోదే ఇచ్చా."

"వాళ్లు ముఖం చూడలేదా?"

"నుజ్జయిపోయిందని ముందే చెప్పాం. గుడ్డ విప్పడానికి వాళ్లకి ధైర్యం చాల్లేదు."

"అసలు ఆయన్ని ఏ అరలో పెట్టావ్?"

"పదకొండో వరుస, రెండో అర."

"పెట్టేటప్పుడు కంప్యూటర్ ఏమైనా అందా?"

అటెండర్ బుర్ర గోక్కున్నాడు. "ఈ నంబరు ముందే ఉంది, పాతది చెరిపి రాయమంటావా అని అడిగింది. అది రోజూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది సార్. ఎస్ నొక్కేశా."

ఇన్‌స్పెక్టర్ ప్రోగ్రామర్‌ను పిలిపించాడు. డేటాబేస్‌లో ఒక్కో అర రికార్డుకూ దాన్ని గుర్తుపట్టే నంబరు, అంటే ఒక కీ ఉంటుంది. ఆ కీలు తయారుచేసే బుల్లి కోడ్ లైబ్రరీ ఈ అమ్మాయి రాసిందే.

"కీ ఎలా తయారవుతుందమ్మా?"

"వరుస నంబరు పక్కన అర నంబరు చేరుస్తుంది సార్. నాలుగు లైన్ల కోడ్, అంతే."

"మధ్యలో గీత లాంటిదేమీ లేదా?"

"ఉండేది. చూడ్డానికి బాలేదని తీసేశా."

"ఒకటో వరుస, పన్నెండో అర. బోర్డు మీద రాయి."

112 అని రాసింది.

"పదకొండో వరుస, రెండో అర."

ఆమె చెయ్యి బోర్డు దగ్గరే ఆగిపోయింది.

"రెండు అరలకీ ఒకటే కీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రెండో మనిషి రాగానే మొదటి మనిషి రికార్డు చెరిగిపోయింది. 112 తెరవమంటే మెషీన్ మొదట కనబడ్డ అర తెరిచింది."

పదకొండో వరుసలో రెండో అర తాళం పగలగొట్టించాడు. లారీ మనిషి అందులోనే ఉన్నాడు.

కానిస్టేబుల్ లారీ మనిషి ఇంటికి ఫోన్ చేశాడు. అంత్యక్రియలు నిన్న రాత్రే అయిపోయాయట.

ఇన్‌స్పెక్టర్ వెళ్లి బెంచీ మీద ఆమె పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాడు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"మరి... అక్కడ మా ఆయన మీద పడి ఎవరైనా ఏడ్చారా?"

"ఏడ్చారమ్మా. ఇంటిల్లిపాదీ ఏడ్చి ఉంటారు."

"పోన్లెండి," అందామె. "నాకింకా ఏడుపే రావట్లేదు."