బండి పట్టే మలుపు

అవనిగడ్డ దాటి పీతల్లంక వెళ్ళే కాలవ కట్ట మీద ఒక మలుపుంది. బండి పట్టే మలుపు అనేవాళ్ళు. పొద్దుగూకాక అక్కడ ఎడ్లు అడుగు ముందుకెయ్యవు, కింద నుంచి ఏదో చెయ్యి చక్రాన్ని పట్టుకుంటుంది అని చెప్పుకునేవాళ్ళు. చెయ్యీ లేదు, కాలూ లేదు... ఉన్నదంతా నల్లరేగడి మట్టి. నాలుగు చినుకులు పడితే ఏనుగునైనా కూరేస్తుంది. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ముందే చెప్తున్నాను, తర్వాత నన్నడక్కండి.

ఇది మా అన్నయ్య విల్సన్‌కి జరిగింది. పంతొమ్మిది వందల యాభై ఎనిమిది, మే నెల. అన్నయ్య అప్పుడు బందర్లో లెక్కల మాస్టారు. మా వదిన కృపావతిది పీతల్లంక. సాయంత్రం బస్సు దిగిన మనిషొకడు కబురు తెచ్చాడు — వదిన వాళ్ళ నాన్న పోలయ్య మధ్యాహ్నం పోయాడు. ఎండాకాలం, ఎక్కువసేపు ఉంచలేరు. తెల్లారగానే మట్టి చేసేస్తారు. ఆఖరిచూపు కావాలంటే ఈ రాత్రికే బయల్దేరాలి.

వదిన ఏడవలేదట. అన్నయ్య మొహంలోకి చూసి, "ఇప్పుడైనా తీసుకెళ్తారా?" అంది.

అడగదూ మరి! మూడేళ్ళ నుంచీ నాన్నని చూడాలని ఆవిడ అడగడం, సెలవుల్లో చూద్దాంలే అని ఈయన దాటెయ్యడం. పోలయ్య కాలవ మీద పడవలు లాగే మనిషి. భుజాన తాడేసుకుని గట్టు మీద నడవడమే ఆయన పని. ఓసారి కూతుర్ని చూడ్డానికి బందరొస్తే, లోపల తోటి మాస్టర్లున్నారని మా అన్నయ్య ఆయన్ని వరండాలోనే కూర్చోబెట్టాడు. అన్నం కూడా అక్కడికే పంపించాడు. ఆయన తిని, మనవరాలి తల నిమిరి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. సొంత అన్నయ్యే అయినా చెప్తున్నాను, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సరే. స్నేహితుణ్ణి బతిమాలి కారు తెచ్చాడు. అదొక డొక్కు. వదినని, ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరితే చల్లపల్లి చేరేలోపే రెండుసార్లు ఆగింది. పులిగడ్డ దాటగానే గాలివాన పట్టుకుంది. అవనిగడ్డలో టీ కొట్టతను, "ఈ వానలో కట్ట మీదికి వెళ్ళకండి మాస్టారూ, తెల్లారనివ్వండి" అన్నాడు.

"తెల్లారాక వెళ్ళి ఏం చూడను?" అంది వదిన.

రెండు గంటలవేళ... సరిగ్గా ఆ మలుపులో... వెనక చక్రం దిగబడింది.

అన్నయ్య ఇంజను రేజ్ చేసిన కొద్దీ అది ఇంకా లోపలికి పోయింది. దిగి తుమ్మకొమ్మలు విరిచి చక్రం కింద వేశాడు. అరచేతుల్లో ముళ్ళు దిగాయి తప్ప బండి కదల్లేదు. వదిన దిగి తోసింది, కదల్లేదు. ఇంతలో ఇంజను ఆగింది, లైట్లు ఆరిపోయాయి. అన్నయ్యకి పిచ్చెక్కిపోయింది. కారిచ్చినవాణ్ణి తిట్టాడు, వానని తిట్టాడు, కట్ట పోసినవాళ్ళని తిట్టాడు.

"మీకెప్పుడూ ఎవరిదో ఒకరిదే తప్పు కదండీ," అంది వదిన.

"నడిచిపోదామంటావా? నాలుగు మైళ్ళు! ఈ పిల్లలతో, ఈ చీకట్లో!"

"మూడేళ్ళలో ఒక్కరోజు తీసుకొచ్చుంటే ఈ చీకట్లో ఎందుకు రావాల్సొచ్చేది!"

అన్నయ్య చక్రాన్ని కాలితో తన్నాడు. చిన్నది లేచి గుక్కపట్టి ఏడవడం మొదలెట్టింది. వదిన దాన్ని ఎత్తుకుని కార్లో కూర్చుంది.

అప్పుడు వినపడింది.

చప్... చప్... చప్...

ముందు నుంచి. బురదలో అడుగులు. వెలుతురు లేదు, లాంతరు లేదు. ఆ అడుగుల వెనక సన్నగా ఒక దగ్గు.

"ఎవరయ్యా అది? పడవ వాళ్ళా?" అని అరిచాడు అన్నయ్య.

అడుగులు ఆగాయి. చీకట్లోంచి ఏదో వచ్చి బానెట్ మీద దబ్బున పడింది. తడిమి చూస్తే తాడు... నానిపోయిన మోకు.

"కట్టుకో బాబూ..." అని గుసగుసగా ఒక గొంతు.

అసలే చిరాకులో ఉన్నాడేమో, "నాకు చెప్తావేంటి? నువ్వే వచ్చి కట్టు!" అని కసిరాడు.

మళ్ళీ ఆ దగ్గు. తర్వాత —

"నేను దగ్గరికి రానులే బాబూ."

పిల్ల ఏడుపులో ఆ మాట వదినకి వినపడలేదు. నాకు అన్నయ్యే చెప్పాడు, చాలా ఏళ్ళ తర్వాత, తలుపేసి.

గొణుక్కుంటూనే తాడు ముందు బంపరుకి కట్టాడు. తాడు బిగిసింది. ఊపిరి బిగబట్టిన మూలుగు ఒకటి... హుఁ... మళ్ళీ... హుఁ... చక్రం బురదలోంచి పైకొచ్చింది. ముందు పది మందైనా ఉండుంటారనుకున్నాడట అన్నయ్య. గట్టి నేల దాకా లాక్కెళ్ళి వదిలారు. తాడు విప్పాడో లేదో, చేతిలోంచి జర్రున జారిపోయింది. "ఎవరు బాబూ మీరు?" అని కేకేశాడు. పలికినవాళ్ళు లేరు.

హ్యాండిలు తిప్పితే బండి ఒక్క తిప్పుకే స్టార్టయింది.

కోడి కూసే వేళకి పీతల్లంక చేరారు. పెట్టె సిద్ధంగా ఉంది, శవం ఇంకా మంచం మీదే ఉంది. వదిన వెళ్ళి నాన్న మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. అప్పుడు ఏడ్చిందట, మూడేళ్ళ ఏడుపూ ఒక్కసారే. "వచ్చాను నాన్నా, ఆలస్యమైంది, కోప్పడకు" అంటూ.

బయట వదిన తమ్ముడు సీమోనుతో అన్నయ్య అన్నాడు, "దారిలో దిగబడిపోయాం సీమోనూ. పడవ వాళ్ళెవరో లాగబట్టి సరిపోయింది."

"పడవ వాళ్ళెక్కడ బావా?" అన్నాడు సీమోను. "కాలవకి నీళ్ళు కట్టేసి పదిహేను రోజులైంది. అడుగున మడుగులే తప్ప నీళ్ళు లేవు. పడవలన్నీ లాకుల దగ్గరే ఆగిపోయున్నాయి."

"అంటే నేను అబద్ధాలాడుతున్నానా?" అని అన్నయ్య గొంతు పెంచాడు.

లోపల్నుంచి పొరుగింటి చిట్టెమ్మ కేక పెట్టింది. ముందురోజు పోలయ్యకి స్నానం చేయించి తెల్లబట్ట కప్పింది ఆవిడే. పెట్టెలో పెట్టడానికి బట్ట తీసింది.

"అయ్యో ప్రభువా... ఇదేంటి... నా చేత్తో నేనే కడిగానే!"

అందరూ చూశారు. పోలయ్య కాళ్ళకి మోకాళ్ళ దాకా నల్లరేగడి బురద. తడి ఇంకా ఆరలేదు.

మా అన్నయ్యే ముందుకొచ్చాడు. నీళ్ళ బిందె అడిగి తీసుకుని మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాడు. "మావయ్యా..." అన్నాడట. ఆ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కడగడం మొదలుపెట్టాడు. బురద పోయింది. అయినా కడుగుతూనే ఉన్నాడు. ఎండెక్కుతోంది, ఇంక లెమ్మని సీమోను రెండుసార్లు భుజం తట్టాడు. పాస్టరు గారు కూడా చెప్పారు.

తొమ్మిదయ్యేదాకా మా అన్నయ్య ఆ కాళ్ళు వదల్లేదు.