సవతికి సాంబ్రాణి

మా ఘోల్వడ్‌లో సముద్రం వైపు పోయే దారిలో, సపోటాతోట మధ్య ఒక కారు షెడ్డు ఉంది. పొద్దు గూకితే అటు ఎవరూ పోరు. కల్లు గీసేవాళ్ళు కూడా ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ చుట్టూ తిరిగి పోతారు గాని, ఆ దారి తొక్కరు.

తాళం వేసిన షెడ్డులోంచి సాంబ్రాణి వాసన వస్తుంది... దానితో పాటే ఇనుము మీద గుడ్డతో తుడుస్తున్న చప్పుడు. మెల్లగా, ఆగి ఆగి. లోపల మాత్రం మనిషి ఉండడు.

అందులో ఉన్నది ఫరేదూన్ కారు. ఆయన ఎన్నో పాత కార్లు చేర్చిపెట్టుకున్నాడు. పోయిన వానల్లో ఆయన కన్నుమూశాక, భార్య ఖోర్షెద్ ఒక్కొక్కటే అమ్మేసింది. చివరికి ఈ లగొండా అనే విలాయతి కారు మిగిలింది. ఏ రాజుగారో ఓడలో తెప్పించుకున్నదట. అలాంటిది ఇంకొకటి చూశామన్నవాళ్ళు లేరు.

"నాకంటే ముందొచ్చింది ఈ ఇంటికి. పెద్దపెళ్ళాం!" అనేది ఖోర్షెద్. నవ్వుతూ అనేది కాదు.

దీపాలవేళ మా పార్సీల ఇళ్ళలో గదిగదికీ సాంబ్రాణి పొగ చూపిస్తాం. ఫరేదూన్ ధూపపాత్ర పట్టుకుని ముందు షెడ్డుకు పోయేవాడు. కారు చుట్టూ తిప్పి, ఆ తర్వాతే ఇంట్లోకి.

"ముందు ఇంటికి చూపిస్తే నీ సొమ్మేం పోతుంది?" అని ఈమె.

"ఇల్లెక్కడికి పోతుందే? దానికి చక్రాలున్నాయి. అలిగిందంటే పోతుంది," అని ఆయన.

ఆ మాటకు ఆమె ఎన్నేళ్ళు రగిలిపోయిందో! షికారుకు రమ్మని ఆయన ఎంత బతిమాలినా, "సవతి ఒళ్ళో కూర్చోను" అని ఒక్కనాడూ ఆ కారెక్కలేదు. ఆయన పోయాక షెడ్డుకు ధూపం మానేసింది. అప్పటినుంచే ఆ వాసన...

"చచ్చి కూడా దాని దగ్గరికే పోయాడు. ఇంట్లో నాకు ఒక్క అలికిడి లేదు," అని నా దగ్గర ఏడ్చింది పాపం. కారు పోతేనన్నా మనిషి ఇంటికొస్తాడని ఆమె ఆశ.

కొనడానికి పూణే నుంచి కెర్సీ వచ్చాడు. వాళ్ళ నాన్న ఫరేదూన్‌కి స్నేహితుడు. రైలు ఆలస్యమై, షెడ్డు తాళం తీసేసరికే చీకటి పడింది. ఆ తర్వాత జరిగింది ఇద్దరూ వేరువేరుగా చెప్పారు నాకు... ఒక్క మాట తేడా లేదు.

కెర్సీ టార్చి వేసి అంగుళం అంగుళం చూశాడు.

"అబ్బ! రంగు మొదటిదే ఆంటీ. చెక్క మొదటిదే. హారను, దీపాలు, గడియారం — అన్నీ పుట్టినప్పటివే. ఒక్క ముందు ఎడమ సీటే... తోలు మార్చారు."

ఖోర్షెద్ ఆ సీటు వంకే చూసింది. తోలు అరిగితేనే కదా మారుస్తారు? తను ఎక్కనే లేదు. మరి ఆయన పక్కన...

"ఎవతి?" అంది. "ఎవతి కూర్చుందిరా ఇక్కడ?"

అప్పుడొచ్చింది వాసన.

నిప్పు లేదు, పొగ లేదు... షెడ్డంతా సాంబ్రాణి. వెనకవైపు నుంచి ఎవరో కారును తుడుస్తున్నారు — సర్... సర్... చప్పుడు దగ్గరవుతోంది. ఆగింది. డ్రైవరు సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. తోలు మెల్లగా, మనిషి కూర్చున్నంత లోతుకు కుంగింది.

"ఆంటీ... నేను పొద్దున్నే వస్తా..."

"నోర్ముయ్ గాడిదా! టార్చి సరిగ్గా పట్టు." ఆ ఖాళీ సీటు వైపు వంగింది. "చెప్పు ఫరేదూన్. ఎవతి కోసం మార్పించావు?"

కెర్సీ వెనక్కి జరగబోయి, ఆసరాకి ఎడమ సీటు అంచు పట్టుకున్నాడు. తోలు చేతిలోకి ఊడొచ్చింది... అది తొడుగు!

కింద అసలు తోలు. ఎర్రగా, నిగనిగలాడుతూ. ఒక్క ముడత లేదు. ఎవరూ కూర్చోలేదు.

"ఇదా..." అన్నాడు కెర్సీ గుసగుసగా. "నాన్న చెప్పి నవ్వేవాడు ఆంటీ. పెళ్ళికి ముందు అంకుల్ దీనికి తొడుగు కుట్టించాడట. 'నా ఖోర్షెద్ ఎక్కిన రోజు తీస్తా. అందాకా ఇంకెవరికీ తగలనివ్వను' అన్నాడట."

ఖోర్షెద్ ఆ ఎర్రతోలును అరచేత్తో నిమిరింది. తర్వాత అడిగింది:

"నువ్వు కొంటే ఇక్కడ మీ ఆవిడ కూర్చుంటుందా?"

"కూర్చోదా మరి? కొత్త చీర కూడా కొనిపెట్టుకుంది."

"అయితే అమ్మను."

"ఆంటీ! మాటిచ్చారు..."

"ఇచ్చాను. తీసేసుకున్నాను. మీ ఆవిడను వేరే కారు చూసుకోమను."

గౌను సర్దుకుని, మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ ఆ ఎర్రసీటులోకి ఎక్కింది. తిన్నగా ముందుకు చూస్తూ కూర్చుంది.

"జరిగింది జరిగింది. ఇక పోనీ," అంది పక్కకు తిరగకుండానే.

డ్రైవరు సీటు స్ప్రింగులు కిర్రుమని పైకి లేచాయి. ఇసుక మీద అడుగులు... కారు ముందు నుంచి చుట్టూ తిరిగి ఎడమవైపుకొచ్చి ఆగాయి. కెర్సీ గోడకు అంటుకుపోయి చూస్తున్నాడు.

ఆమె గౌను అంచు బయట వేలాడుతోంది. అది మెల్లగా లేచి, ఆమె ఒళ్ళోకి మడుచుకుంది. ఆ తర్వాతే... కారు తలుపు మెత్తగా మూసుకుంది.