ఇంద్రజ పేపర్‌లో లేని డీజిల్

ఇంటర్నెట్ వాడకం పెరిగితే దేశం వదిలే కార్బన్ తగ్గుతుందని ఇంద్రజ తన రీసెర్చ్ పేపర్ గురించి సెమినార్‌లో స్లైడ్లు చూపిస్తుంటే, చివరి వరసలో ఒకతను లేచాడు.

"మేడం, కరెంటు పోతే డేటా సెంటర్ల జనరేటర్లు నడుస్తయి. ఆ డీజిల్ సుత కలిపిండ్రా?"

కలపలేదు. హాల్లో ఎవరో నవ్వారు. ఇంద్రజ చెవులు ఎర్రబడ్డాయి.

అతని పేరు రాఘవేందర్. బన్సీలాల్‌పేట్‌లో ఉంటాడు, ఒక డేటా సెంటర్‌లో షిఫ్ట్ ఇంజనీర్. టీ బ్రేక్‌లో ఆమె నేరుగా వెళ్లి, ప్రశ్నలేయడం తేలికే, అంకెలు ఇవ్వగలరా అని నిలదీసింది. వారం తిరక్కుండా అతను డీజిల్, ఏసీల కరెంటు రీడింగులు ఆరు నెలలవి చేత్తో రాసి తెచ్చాడు. తన పేరు ఎక్కడా రావద్దని మాత్రం కోరాడు.

తర్వాత ఆమెకు డౌట్లు వచ్చాయి. కొన్ని నిజమైనవి, కొన్ని కల్పించుకున్నవి. అవి తీర్చడానికి అతను ఆదివారాలు వానలో తడుస్తూ పద్మారావు నగర్ పార్కు దాకా వచ్చేవాడు. గొడుగు తెచ్చుకోవచ్చుగా అంటే, మీది ఉంది కదా అనేవాడు.

ఆ అంకెల లెక్కన దేశంలోని డేటా సెంటర్లన్నీ కలిపితే, తగ్గిందనుకున్న కార్బన్‌లో సగం తగ్గనే లేదు. ఆ ఉత్సాహంలో ఇంద్రజ డ్రాఫ్ట్‌ను ఆ రంగంలోని నలుగురికి మెయిల్ చేసింది. మర్నాడు చూసుకుంటే, అటాచ్‌మెంట్ చివర అతని చేతిరాత కాగితం ఫొటో కూడా ఉంది. అలవాటుగా అతను పెట్టేసిన సంతకంతో సహా.

ఫోన్ చేసింది. స్విచ్చాఫ్. మూడు రోజులూ అంతే. నాలుగో రోజు, పేపర్ వెనక్కి తీసుకుంటున్నానని గైడ్ కామాక్షి గారికి చెప్పేసి, బన్సీలాల్‌పేట్‌కు ఆటో ఎక్కింది.

తలుపు తీసిన అతని తల్లి శ్యామలమ్మ ఆమెను ఒక్కక్షణం చూసింది. "ఇంద్రజవి నువ్వేనా బిడ్డా? లోపటికి రా."

రాఘవేందర్ ముఖం వాడిపోయి ఉంది. కాగితం మేనేజర్ దాకా చేరిందని, ఎంక్వైరీలో ఫోన్ తీసుకున్నారని, ఉద్యోగం మిగిలింది కానీ ఇక జనరేటర్ల దగ్గరికి రానివ్వరని చెప్పాడు.

పేపర్ తీసేశానని ఆమె చెప్పింది.

"ఎందుకు? అంకెలు తప్పా?"

"కాదు. నీకేమైనా అయితే ఆ పేపర్ నాకెందుకు?"

మొదటిసారి నువ్వు అన్నానని ఆమెకే తెలియలేదు. అతనికి తెలిసింది.

"మళ్ల పంపు. ఎట్లయినా బయటపడ్డది, ఈసారి నా పేరు సుత రాయి," అన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "మూడు దినాలు నీ మీద కోపం తెచ్చుకుందామని చూసిన. రాలే. నువ్వు ఇంక మాట్లాడవేమోనని పరేషాన్ అయిన, గంతే."

అతను ఇంద్రజ చేతులు పట్టుకున్నాడు.

వంటింట్లోంచి శ్యామలమ్మ గొంతు వినిపించింది.

"రాఘవా, పిల్లను నిలబెట్టే మాట్లాడతవా? కూసోమను. అన్నం పెడుతున్న."